బదరీ దారిలో రాబందులు

నా కుడిచేతి బొటనవేలంటే నాకు అసహ్యం. అన్నం కలిపేది ఆ వేలితోనే, ముద్ద నోట్లోకి తోసేది ఆ వేలితోనే. తినే ముందు దాన్ని మిగతా వేళ్ల కంటే ఎక్కువసేపు రుద్దుతాను. పదకొండేళ్లుగా రుద్దుతున్నాను. సిరా మూడోనాడే పోయింది. పోనిది వేరే ఉంది.

దాన్ని ఎవరికీ చెప్పలేదు. నా బిడ్డకు చెప్పలేదు. నా పక్కన కూర్చుని ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన గంగవ్వకు చెప్పలేదు. కంఠేశ్వర్ గుడిలో నిలబడి కూడా నోరు విప్పలేదు. దేవుడికి తెలుసు కదా అనుకున్నాను. తెలిసినవాడికి చెప్పడంలో కష్టమేముంది? తెలియనివాళ్లకు చెప్పాలి. చెప్పాక వాళ్ల మొహం మారుతుంటే చూడాలి. మీ మొహం నాకు కనిపించదు. చూడండి, ఇక్కడ కూడా కొంచెం తప్పించుకున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. ఇప్పటికీ నెమ్మదిగానే రాస్తాను. ఈ కాగితాలకు వారం పట్టింది. రెండుసార్లు రాసి చింపేశాను. రెండుసార్లూ నన్ను నేను కాస్త మంచిదాన్ని చేసుకుని రాశాను.

నిజామాబాద్‌లో ఒక ట్రస్టువాళ్ల చిన్న మ్యూజియం ఉంది. పేరు రాయను. అందులో ఊడ్చి తుడిచే పనికి చేరాను. అంతకుముందు బీడీలే నా బతుకు. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు, ఒంటి మీద ఆ వాసన, వంగి వంగి పట్టేసిన నడుము, వీటన్నిటి నుంచి నన్ను బయటికి లాగింది ఆ మ్యూజియం పని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. సాకుగా చెప్పడం లేదు. సాకే అయితే ఎంత చిన్న సాకో మీరే చూస్తారు.

మ్యూజియంలో ముందు గదుల్లో రాతి బొమ్మలు, కత్తులు, పాత నాణేలు ఉండేవి. వెనక గదిలో రేకు డబ్బాలు ఉండేవి. ఆ డబ్బాలు బోధన్ వైపు ఒక చెరుకు రైతువి. వాళ్ల తండ్రి కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడట. ఈయన చెరుకు నరికి ఫ్యాక్టరీకి తోలగానే కెమెరా భుజాన వేసుకుని బయలుదేరేవాడట. మంజీర ఒడ్డున కొంగలు, నందిపేట దగ్గర గోదావరి ఇసుక తిన్నెలు, ఎక్కడెక్కడి మంచుకొండలు, సముద్రాలు. ఆయన తీసినవి కాగితం ఫొటోలు కావు, స్లైడులు. అగ్గిపెట్టె కంటే చిన్న ఫిల్ము ముక్క, దాని చుట్టూ అట్ట చట్రం. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే లోపల రంగుల లోకం. ప్రతి అట్ట మీదా ఆయన తన చేత్తో పెన్సిలుతో రాసి పెట్టాడు, అది ఏ ఊరో, ఏ పక్షో, ఎవరో. ఆయన పోయాక కూతురు వాటిని మ్యూజియానికి ఇచ్చింది.

వాటి జాబితా రాయడానికి సుగుణ మేడం వచ్చింది. అసలు పేరు అది కాదు. వేల్పూర్ దగ్గర పసుపు పండించే ఇంటి పిల్ల. ఇరవై ఏడేళ్లుంటాయి. తాత్కాలిక ఉద్యోగం. ఈ డబ్బాల పని బాగా చేస్తే పర్మనెంటు చేస్తామని డైరెక్టర్ సారు అన్నాడని నాకే చెప్పింది. స్లైడులను వెలుతురు మీద పెట్టి చూసే పెట్టె ఒకటి కావాలని అడిగింది. రాలేదు. ముందు అట్టల మీది రాతలన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కించు, బొమ్మలు తర్వాత చూడొచ్చు అన్నాడు సారు. ఆమె అలాగే ఎక్కించింది.

ఆ వానాకాలం ఆమె తల్లికి బాగాలేక పది రోజులు సెలవు మీద పోయింది. నేను వెనక గది ఊడుస్తూ ఒక డబ్బా మూత తీశాను. తీయకూడదని ఎవరూ చెప్పలేదు. తీయమనీ చెప్పలేదు. లోపల బూజు. తెల్లగా, నూగులా, అట్ట మీదా ఫిల్ము మీదా పాకి ఉంది. పులిసిన వాసన వచ్చింది.

బూజు పట్టిన ఆకును ఏం చేయాలో నాకు తెలియనిదా? తునికాకు కట్టకు బూజు పడితే బీడీలు చేసే ఏ ఆడమనిషైనా ఒకటే పని చేస్తుంది. నీళ్లు చల్లి, తడి గోనెలో చుట్టి పెడుతుంది. తెల్లారి ఆకు మెత్తబడుతుంది. ఒక్కొక్కటే తీసి, బట్టతో తుడిచి, నీడలో ఆరబెడుతుంది. నేను స్లైడులకు అదే చేశాను. మనసులో ఎంత సంబరమో. మేడం వచ్చి చూసి మెచ్చుకుంటుంది అనుకున్నాను.

తెల్లారి గోనె విప్పితే అట్టలన్నీ నోళ్లు తెరుచుకున్నాయి. జిగురు వదిలి రెండు పొరలుగా ఊడాయి. ఫిల్ములు జారి కుప్పగా పడ్డాయి. నేను భయపడలేదు. అదే నాకు ఇప్పటికీ వికారం పుట్టించేది, ఆ ధీమా. అట్టలు ఒక పక్క, ఫిల్ములు ఒక పక్క పెట్టి తుడిచాను. కొన్ని ఫిల్ముల మీది రంగు బట్టకు అంటుకు వచ్చింది. బకెట్‌లో నీళ్లు బురద ఎరుపుకు తిరిగి, పైన ఊదారంగు తెట్టె కట్టింది. మురికి పోతోంది అనుకున్నాను. ఆ నీళ్లు తీసుకుపోయి పెరట్లో జామచెట్టు మొదట్లో పోశాను. ఒక మనిషి నలభై ఏళ్లు తిరిగి చూసిన కొండలూ నదులూ కొన్ని ఆ చెట్టు మొదట్లోకి పోయాయి. ఆ చెట్టు కాయ నేను మళ్లీ తినలేదు.

ఆరిన తర్వాత మైదా ఉడకబెట్టి, బీడీ కట్టకు కాగితం అంటించినట్టే, ఒక్కో ఫిల్మును ఒక్కో అట్టలో పెట్టి అంటించాను. ఏ ఫిల్ము ఏ అట్టదో చూడలేదు. ఎందుకు చూస్తాను? ఆకుకు ఆకు ఒకటే. ఏ ఆకులో ఏ తంబాకు పోస్తే ఏమిటి? ఇరవై అయిదుకు ఒక కట్ట చొప్పున నాలుగు కట్టలు. ఒక్కటి కూడా తక్కువ కాలేదని సంతోషపడ్డాను. అట్టల మీది గీతలు నాకు గీతలే. అవి మాటలని నాకు తెలుసు. ఒక్కో అట్ట మీద వేరే మాట ఉంటుందని మాత్రం తట్టలేదు. కంపెనీ కాగితం మీద అన్ని కట్టలకూ ఒకటే పేరు ఉంటుంది కదా.

మేడం తిరిగి వచ్చి డబ్బా తెరిచింది. "అరే, గింత సాఫ్ చేసినవా అక్కా? బూజు మొత్తం పాయె. నీ చేతిల ఏదో ఉన్నది," అంది.

"పొడి బట్టతోని తుడిసిన మేడం," అన్నాను.

మొదటి అబద్ధం అది. తడిపానని ఎందుకు చెప్పలేదు? బట్టకు అంటిన రంగు నాకు గుర్తుంది. ఏదో తప్పు జరిగిందని చేతులకు తెలిసింది. నోటికి చెప్పలేదు.

ఆ సంతోషంలోనే ఆమె నాకు చదువు చెప్తానంది. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక ఒక నోట్‌బుక్కు, పెన్సిలు. బడిపిల్లల మాటలు కాకుండా తన రిజిస్టర్‌లోంచే మాటలు ఏరి రాసిచ్చేది. నేను చదివిన మొదటి మాట 'నది'. రెండోది 'కొంగ'. నా పేరు నేను రాసిన రోజు ఆమె పకోడీలు తెప్పించింది. "ఇగ నువ్వు ఏలిముద్ర ఏస్తే మర్యాదుండదు సూడు," అని నవ్వింది. జీతాల కాగితం నెలాఖరుకు వస్తుంది, దాని మీద సంతకం చేసి సారును జడిపియ్యాలి అని ఇద్దరం అనుకున్నాం.

'కొంగ' నేర్చుకున్న మర్నాడు, మేడం ఇంకా రాకముందు, నేను ఆ డబ్బా తెరిచాను. కొంగ ఎక్కడుందో వెతుక్కుందామని. దొరికింది. 'కొంగలు' అని అట్ట మీద రాసి ఉంది, తప్పు లేకుండా చదివాను. గుండె పొంగింది. కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. లోపల మంచుకొండ.

ఇంకొకటి తీశాను. 'నది' అని ఉన్నచోట ఒక గుడి గోపురం. ఇంకొకటి. ఇంకొకటి. నాకు చదవడానికి వచ్చిన ప్రతి మాటా నా చేతులు చేసిన పని చూపించింది.  అప్పుడే మేడం లోపలికి వచ్చి, "ఏం జదువుతున్నవ్ అక్కా, నాకు చెప్పకుంట?" అంది. నేను మూత పెట్టేశాను. "ఏం లేదు మేడం. దుమ్ము దులుపుతున్న," అన్నాను.

కడిగిన రోజు నాకు తెలియదు. అది తప్పే గాని పాపం కాదని ఎవరైనా అంటారు. మూత పెట్టిన రోజు నాకు తెలుసు. అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆమె తిట్టేది. తర్వాత ఇద్దరం కూర్చుని కిటికీ వెలుతురులో సరిచేసుకునేవాళ్లం. ఒక వారం పని. ఆ వారం పనికి భయపడ్డానా? లేదు. ఆమె కళ్లలో తెలివిగల ఆడదాన్నయ్యానని కొత్తగా రుచి తగిలింది. ఆ రుచి పోతుందని భయపడ్డాను. ఎంత చౌక.

జీతాల కాగితం రాకముందే, చలికాలంలో ప్రదర్శన పెట్టారు. గోడ మీద బొమ్మలు వేసే యంత్రం ముందురోజు సాయంత్రం వచ్చింది. మేడం రిజిస్టర్ చూసి మంచి మంచి పేర్లున్న స్లైడులు నేను సాఫ్ చేసిన డబ్బాలోంచే ఏరి అందులో పెట్టుకుంది. వేసి చూసుకునే తీరిక లేకపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె పాటలు పాడుతూ పెట్టుకుంటుంటే పక్కనే నిలబడి చీపురు పట్టుకున్నాను.

చెరుకు రైతు కూతురు వచ్చింది. పెద్ద మనిషి, తల నెరిసింది. ఆమె ఒక్క బొమ్మ కోసమే బోధన్ నుంచి వచ్చింది. "మా అమ్మ ఫొటోలు ఇంట్లో ఏవీ లేవండీ. నాన్నగారు తీసింది ఆ ఒక్కటే. బదరీ వెళ్ళినప్పుడు," అని అందరికీ చెబుతోంది. మేడం మైకు పట్టుకుని రిజిస్టర్ చూసి చదివింది. "సీతమ్మగారు, బదరీ దారిలో."

గోడ మీద, తలుపంత పెద్దగా, చచ్చిన ఎద్దు. దాని కడుపు చీల్చి తల లోపలికి పెట్టిన రాబందులు.

 వెనక వరసలో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పాకింది. పెద్దామె కుర్చీలోంచి లేవలేదు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం తర్వాతి బొమ్మ వేసింది, దాని తర్వాతిది వేసింది.  ఒక్కటి కూడా పేరుకు సరిపోలేదు. సారు లేచి దీపాలు వేయించాడు.

మర్నాడు సారు గదిలో విచారణ. మేడం చూడకుండా జాబితా రాసిందని, బొమ్మలు తారుమారు చేసిందని, ఇచ్చినవాళ్ల ముందు ట్రస్టు పరువు తీసిందని. ఆమె ఒకటే మాట చెప్పింది. "అట్ట మీద ఉన్నదే రాసిన సార్. నేను ఒక్కటి గూడ ఊడదీయలే." అప్పుడు నన్ను పిలిచారు.

"ఏమమ్మా, ఆ డబ్బాలు నువ్వు ముట్టినవా?"

"పైన దుమ్ము దులుపుత సార్. లోపలియి నేనెందుకు ముడుత? నాకు అక్షరం ముక్క రాదు. ఏది ఏందో నాకేం ఎరుక."

గుమాస్తా అదంతా కాగితం మీద రాశాడు. సంతకం వస్తుందా అని అడిగాడు. రాదన్నాను. సిరా డబ్బా తెరిచి నా ముందుకు తోశాడు. గోడకు ఆనుకుని మేడం నిలబడి ఉంది. నాకు తెలుసు, ఆమె ఒక్క మాట అంటే చాలు. ఈమెకు నేనే చదువు నేర్పిన సార్, నోట్‌బుక్కు తెప్పించి చూడండి అంటే చాలు. నేను బొటనవేలు సిరాలో అద్దాను. గట్టిగా అద్దాను, రానిదాన్ని అని నమ్మేటట్టు. ఆమె నా వేలునే చూస్తోంది. ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదు? పదకొండేళ్లుగా అడుగుతున్నాను. నన్ను కాపాడిందా? నా మీద అంత అసహ్యం పుట్టి నోరు రాలేదా? కాపాడిందని అనుకోవడం నాకు హాయి. అందుకే అది నిజం కాదని నా అనుమానం.

ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. సాయంత్రం గేటు దగ్గర ఆమె తన సంచి సర్దుకుంటోంది. నేను పక్కనుంచి జారుకోబోయాను.

"అక్కా," అంది. "సంతకం మంచిగనే వస్తుండె గద నీకు."

"నాకు ఈ పని తప్ప దిక్కు లేదు మేడం."

"నేను నిన్ను ఏమన్న అడిగిన్నా?"

 ఆమె ఆటోను ఆపింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, మామూలుగా, రోజూ చెప్పినట్టే అంది.

"ఏలు కడుక్కో అక్కా. అన్నంల పడ్తది."

అంతే. ఆ తర్వాత ఆమెను ఒకే ఒక్కసారి, ఆర్మూర్ బస్టాండులో చూశాను. పసుపు మరకల చీర, చేతిలో ఎరువుల సంచి. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. నేను స్తంభం చాటుకు పోయాను.

ఇక్కడితో అయిపోతే బాగుండు. అవలేదు. రెండేళ్ల తర్వాత నాకు సంతకం వస్తుందని సారుకు తెలిసింది. కోపం రాలేదు, మురిసిపోయాడు. ఆడవాళ్ల దినం నాడు వేదిక ఎక్కించి, వయసు మళ్లాక చదువు నేర్చిన మా ఆయమ్మ అని శాలువా కప్పాడు. ఎవరు నేర్పారని మైకులో అడిగాడు. "నేనే నేర్సుకున్న సార్. బజార్ల బోర్డులు చూసుకుంట," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ శాలువాను ఒక్కనాడూ కప్పుకోలేదని రాస్తే మీరు నమ్ముతారు. చింపేసిన కాగితాల్లో అలాగే రాశాను. రెండు చలికాలాలు కప్పుకున్నాను. వెచ్చగా ఉండేది.

సీతమ్మగారి బొమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. విచారణ అయిన వారానికే వెతికాను. 'మంజీర ఒడ్డున రాబందులు' అని రాసిన అట్టలో ఉంది. రంగు పోలేదు. కొండదారి, వెనక మంచు, మగవాళ్ల స్వెటరు వేసుకున్న ఒక నడివయసు ఆడమనిషి, చలికి ముక్కు ఎర్రబడి, కెమెరా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కూతురు ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకున్నది కూడా అలాగే. ఆ రెండు అట్టలు విప్పి ఫిల్ములు మార్చి అంటించడానికి నాకు పావుగంట చాలు. మార్చితే మేడం తప్పు చేయలేదనడానికి ఉన్న ఆధారం పోతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత పెద్ద మాటో చూడండి. ఆధారమట. దాన్ని పదకొండేళ్లు దాచిందాన్ని నేనే. మార్చితే ఎవరు మార్చారని అడుగుతారు. అంతే నా భయం.

ఇప్పుడు కొత్త సారు వచ్చాడు. పోయిన నెల హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చి స్లైడులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. అట్ట మీద ఏముంటే అదే పేరుగా పెడతారట, ఇక ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా చూడొచ్చట. నేను టీ తీసుకుపోయేసరికి తెర మీద సీతమ్మగారు ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కింద 'మంజీర ఒడ్డున రాబందులు'. ఆ ఇద్దరిలో అమ్మాయి నవ్వి, "ఈ జాబితా రాసినామె ఎవరో గాని ఫుల్ తిక్కది," అంది. రిజిస్టర్ మొదటి పేజీలో మేడం పేరు, ఆమె గుండ్రటి సంతకం ఉన్నాయి. ఆ అమ్మాయి దాని మీద టీ గ్లాసు పెట్టింది.

నేను గ్లాసు తీసి పక్కన పెట్టాను. అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.  ఆ రాత్రి రాయడం మొదలుపెట్టాను.

ఈ రోజు ఉదయం కొత్త సారు బల్ల మీద ఒక కాగితం పెట్టి వచ్చాను. గోనె, బకెట్టు, మైదా, సిరా, అన్నీ రాశాను. సీతమ్మగారు ఏ అట్టలో ఉన్నారో, ఇంకా నేను వెతికి పట్టుకున్న అరవై ఒకటి ఏ అట్టల్లో ఉన్నాయో రాశాను. మిగతావి జామచెట్టుకు పోయాయని రాశాను. సుగుణ మేడం అసలు పేరు రాసి, ఆమె తప్పు చేయలేదని రాశాను. కింద సంతకం పెట్టాను. వంకరగానే వచ్చింది. ఆయన చదువుతాడో, సొరుగులో పడేస్తాడో, రేపు నన్ను గేటు బయటే ఆపుతాడో నాకు తెలియదు. వేల్పూర్‌కు ఎప్పుడు పోతానో తెలియదు. పోయినా ఆమె తలుపు తీయాలని ఎక్కడుంది? ఆమెకు పోయిన పదకొండేళ్లు నా సంతకంతో తిరిగి రావు. నేను క్షమించమని ఆ కాగితంలో రాయలేదు. ఇక్కడ కూడా రాయను. అడిగితే ఇంకొకరి నెత్తిన పని పెట్టినట్టవుతుంది.

సారుకు ఇచ్చినదాని మీద పేరుంది. మీకిచ్చే ఈ కాగితాల మీద లేదు. నా బిడ్డ ఇదే ఊళ్లో ఉంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం పెట్టుకున్నాను. పప్పు పోసుకున్నాను. చెంబు అందుకుని, చేతి మీద ఊరికే నీళ్లు పోసుకుని, వేలు రుద్దకుండానే కలుపుకున్నాను. శుభ్రమైందని కాదు. తిన్నాను.